నీడ అద్దాల బండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఆ సామెత కట్టినవాడు గోదావరిఖనిలో, బొగ్గుకుప్పల పక్కన నిలబెట్టిన రేకుల బండిలో, మధ్యాహ్నం రెండింటికి కూర్చుని ఉండడు. కూర్చుని ఉంటే రోళ్లతో ఆపేవాడు కాదు.

అలాంటి రేకుల బండిని నడిపేవాడు జ్ఞానయ్య. బొగ్గుబాయి కార్మికుల దవాఖానకు అదొక్కటే వ్యాను. దెబ్బలు తగిలినవాళ్లను, జ్వరాలవాళ్లను, కాన్పు కష్టమైన ఆడవాళ్లను అందులో వేసుకుని కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోవడం అతని డ్యూటీ. వేసవిలో రోగి ఒక రోగంతో ఎక్కి రెండు రోగాలతో దిగేవాడు. తన చేతిలో ఏముంది అనుకుని ఊరుకునే డ్రైవర్లు లోకంలో చాలామంది ఉన్నారు. జ్ఞానయ్యకు ఆ సుఖం రాసిపెట్టి లేదు. బండి వెనక ఎవరైనా మూలిగితే అది తన తప్పే అన్నట్టు ముడుచుకుపోయే మనిషి.

పందొమ్మిదివందల డెబ్భై మూడు ఎండాకాలంలో తనిఖీకని ఒక పెద్ద ఆఫీసరు విదేశీ కారులో వచ్చాడు. ఆ కారులో చల్లగాలి మిషను ఉందని తెలిసి సగం కాలనీ చుట్టూ మూగింది. దాని డ్రైవరు రాజం పెళ్లికొడుకులా నిలబడి ఒక్కొక్కరి చేతా గాలి ముట్టించాడు. జ్ఞానయ్యా చెయ్యి పెట్టి చూశాడు. వేడి పాల మీద ముసలమ్మ ఊదినంత గాలి వచ్చింది. సాయంత్రం ఆఫీసరు చొక్కా వీపుకు అంటుకుపోయి దిగాడు. గ్యాసు తగ్గిందని, బొంబాయి పంపించాలని రాజం సర్దిచెప్పుకున్నాడు.

"గ్యాసు సంగతి నాకు తెల్వదు గని రాజం," అన్నాడు జ్ఞానయ్య, "గంత గంత అద్దాలు వెట్టుకోని ఎండను లోపటికి పిలుస్తున్నవు. పొయ్యి మీద కుండ వెట్టి ఇసనకర్రతోని ఇసిరితె సల్లవడుతదా? ముందుగాల్ల పొయ్యి ఆర్పాలె."

"నీ రేకుల డబ్బాకు ఆర్పుకో పోయి," అన్నాడు రాజం నవ్వుతూ.

రాజం నవ్వుకని అన్న మాటను జ్ఞానయ్య పనికని పట్టుకున్నాడు.

అతను మొదటి నుంచీ డ్రైవరు కాదు. పుట్టింది బెల్లంపల్లిలో. తండ్రి బొగ్గు కొట్టేవాడు. దగ్గి దగ్గి పోయాడు. ఆ మంచం దగ్గరే కూర్చుని సేవ చేసిన తల్లి కూడా ఏడాది తిరగకుండా అలాగే దగ్గుతూ పోయింది. గోదావరిఖనిలో కొత్త బాయిలు తవ్వుతున్నారంటే జ్ఞానయ్య ఇక్కడికి వచ్చి, భూమి లోపల గాలి పని చేసే జట్టులో చేరాడు. తారు పూసిన గోనె తెరలు కట్టి, బొగ్గు కొట్టే చోటిదాకా గాలిని మలపడం వాళ్ల పని. అరవై అయిదులో కార్మికులందరికీ ఛాతీ ఎక్స్‌రే ఫోటోలు తీసినప్పుడు కాంపౌండరు ఇతన్ని పక్కకు పిలిచి, ఊపిరితిత్తి మీద మచ్చ ఉందని, ఇక బాయి దిగడానికి అన్‌ఫిట్ అని చెప్పాడు. ఆ మచ్చ ఏమిటో ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు. అడగడానికేముంది, అమ్మా నాయనలను క్షయతో పోగొట్టుకున్నవాడే కదా.

పైన పని ఇమ్మని బతిమాలి, డ్రైవింగు నేర్చుకుని వ్యాను ఎక్కాడు. బాయి మొహం మొత్తిందని అందరికీ చెప్పాడు. భార్య సుసన్నాకూ అదే చెప్పాడు. ఆ నెల నుంచే అతని మంచం ఇంటి ముందు అరుగు మీదికి చేరింది. ఏ ఝాముకు పిలుపు వస్తుందో తెలియని డ్యూటీ కదా, నీ నిద్ర ఎందుకు పాడుచేయాలి అన్నాడు. సుసన్నా అదే దవాఖానలో ఆయా. వ్యాను డ్యూటీ ఎలాంటిదో ఆమెకూ తెలుసు కాబట్టి నమ్మింది. మొదటి ఏడాది నమ్మింది. తరువాత చలికాలాలు వచ్చాయి, వానాకాలాలు వచ్చాయి, మంచం మాత్రం లోపలికి రాలేదు. వాళ్లకు పిల్లలు కలగలేదు. మొగుడికి తన మీద మనసు విరిగిందని ఆమె తేల్చుకుంది. ఒక్కనాడూ పైకి అనలేదు. దగ్గరగా వస్తే తనకున్నది ఆమెకు అంటుకుంటుందని అతని భయం. ఇలా ఇద్దరు మంచివాళ్లు ఒక ఇంట్లో ఎనిమిదేళ్లు ఒకరినొకరు ఏడిపించుకున్నారు.

ఇక బండి సంగతి. వట్టివేళ్లు తెచ్చి తడకలు అల్లాడు. తడిపి అన్ని కిటికీలకూ కట్టి, సందు లేకుండా మూసి, సుసన్నాను లోపల కూర్చోబెట్టి ఊరు చుట్టూ తిప్పాడు. పావుగంటకు ఆమె కుడుములా ఉడికి దిగింది.

"సల్లగున్నదా?" అని అడిగాడు ఆశగా.

"సల్లటి ఉడుకు," అంది ఆమె కొంగుతో మెడ తుడుచుకుంటూ.

అప్పుడు అతనికి సిగ్గేసింది. ఆరేళ్లు గాలి పని చేసినవాడు చేయకూడని పొరపాటది. బాయిలో తడి చాలా చోట్ల ఉంటుంది. గాలి ఆడని చోట ఆ తడే మనిషిని ఉడకేస్తుంది. గాలికి వచ్చే దారి చూపితే చాలదు, పోయే దారీ చూపాలి. మర్నాడు బండి ముందు వైపు మాత్రమే తడక ఉంచి, ఎదురుగాలి దాని గుండా లోపలికి మళ్లేలా గోనె తెర కట్టాడు. వెనక తలుపు పైన జానెడు రేకు కోసి వేడిగాలికి దారి వదిలాడు. మిగిలినవి అద్దాలు. పాడైపోయిన ఎక్స్‌రే ఫిలిములు దవాఖాన వెనక గదిలో కట్టలుగా పడి ఉన్నాయి. డాక్టరును అడిగి, తుమ్మజిగురుతో వాటిని అద్దాలకు బయటివైపు అంటించాడు. లోపల చెట్టు కింద ఉన్నంత నీడ పడింది. ఈసారి సుసన్నా అరగంట కూర్చుని, "దిగబుద్ధయితలేదు" అంది. ఆ మాటకు జ్ఞానయ్య ముఖం వెలిగింది చూడాలి. ఎనిమిదేళ్లలో ఆమెకు అతను ఇచ్చిన సుఖం ఆ అరగంట.

అతను చూసుకోనిది ఒకటుంది. నీడ ఇచ్చే ఫిలిము మీద పక్కటెముకలు కూడా ఉంటాయి. ఎండ పడ్డప్పుడు ప్రతి అద్దంలోనూ ఎవరిదో ఒక ఛాతీ తెల్లగా తేలేది. వేరే ఊరివాళ్లయితే దెయ్యాల బండి అని నవ్వి ఊరుకునేవారు. బాయి మనుషులకు ఛాతీ ఫోటో అంటే దెయ్యం కాదు, అన్‌ఫిట్. నౌకరి ఊడి, కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, పల్లెకు పోవడం. ఆ బండి ఎక్కినవాడు మళ్లీ బాయి దిగడట అని మాట పుట్టింది. వారం తిరిగేసరికి షిఫ్టులన్నిటికీ పాకింది.

అలాంటప్పుడు ఎల్లన్నకు కడుపునొప్పి వచ్చింది. ముప్పై ఏళ్లు లేని బొగ్గు కార్మికుడు, ఇద్దరు పిల్లల తండ్రి. పేగు వాచిందని, చీము పట్టి పగలకముందే కరీంనగర్‌లో కోసి తీయాలని డాక్టరు చెప్పాడు. మిట్టమధ్యాహ్నం. ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. స్ట్రెచరు మీద వ్యాను దాకా తెచ్చేసరికి ఎల్లన్న ఆ అద్దాలు చూశాడు. రెండు చేతులతో తలుపు చట్రం పట్టుకున్నాడు.

"నేనెక్క. నన్ను అన్‌ఫిట్ చేసేటందుకే తోల్కపోతున్నరు. కడుపునొస్తే ఛాతీల బండి ఎందుకు?"

భార్య లస్మవ్వ అతని కాళ్లు పట్టుకుంది. డాక్టరు కోప్పడ్డాడు. ఎల్లన్న పట్టు వదలలేదు. జ్ఞానయ్య ఫిలిములు పీకేయడానికి అద్దం మీద చెయ్యి వేశాడు.

"పీకితే లోపల పొయ్యే కదయ్యా," అన్నాడు డాక్టరు మెల్లగా. "ఈ జ్వరంతో రెండు గంటలు ఆ ఎండలో తట్టుకోలేడు."

జ్ఞానయ్య చెయ్యి అలాగే ఆగింది. ఒక్క మాట చెబితే ఎల్లన్న ఎక్కుతాడని అతనికి తెలుసు. ఆ మాట వినగూడని మనిషి నీళ్ల బిందెతో నాలుగడుగుల దూరంలో నిలబడి ఉందనీ తెలుసు. ఎనిమిదేళ్లు మంచులో, దోమల్లో పడుకుని దాచిన మాట అది. ఎల్లన్న మరోసారి మూలిగాడు. జ్ఞానయ్య అతని దగ్గర గొంతుకూర్చున్నాడు.

"ఎల్లన్నా, అన్‌ఫిట్ అయినోన్ని నేను. అరవై అయిదుల్నే. నా ఛాతీల మచ్చ ఉన్నది. బాయి మొహం మొత్తిందని అందరికి అబద్ధం చెప్పిన. నన్ను సూడు. సచ్చిన్నా? నౌకరి లేదా? నీకు ఛాతి నొప్పి గాదు, పేగు నొప్పి. గా ఒక్కటి తీస్తె మళ్ల బాయి దిగుతవు. దిగకుంటె నన్నడుగు."

ఎల్లన్న తల అతని వైపు తిప్పాడు. "నిజంగనా అన్నా?" అన్నాడు.

"బైబిలు తోడు."

ఎల్లన్న వేళ్లు చట్రం మీద నుంచి విడివడ్డాయి.

సుసన్నా బిందె కింద పెట్టింది. ఎవరూ చెప్పకుండానే ఎక్కి ఎల్లన్న తల దగ్గర కూర్చుంది. దారి పొడుగునా తడక మీద నీళ్లు చల్లింది, అతని నుదురు తుడిచింది, లస్మవ్వకు ధైర్యం చెప్పింది. ముందు బండి నడుపుతున్న మొగుడితో మాత్రం పెద్దపల్లి దాటినా, సుల్తానాబాద్ దాటినా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆపరేషను ఆ సాయంత్రమే అయింది. పేగు పగలలేదు. ఎల్లన్నను మంచం మీదికి మార్చాక సుసన్నా వచ్చి జ్ఞానయ్య మణికట్టు పట్టుకుంది. ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి పట్టుకోవడం. పిల్లవాణ్ణి బడికి లాక్కెళ్లినట్టు ఛాతీ డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆయన కొత్త ఫోటో తీయించాడు, కఫం పరీక్ష చేయించాడు. మర్నాడు పొద్దున ఫిలిమును వెలుతురుకు ఎత్తి చూసి చెప్పాడు. ఇది బొగ్గుదుమ్ము పెట్టిన మచ్చ. క్షయ కాదు. బాయి మానేశావు కాబట్టి ఇంతటితో ఆగినట్టుంది, ఏడాదికోసారి చూపించుకో.

"అంటుతదా సారూ?" అని అడిగింది సుసన్నా.

"దుమ్ము ఎట్లా అంటుకుంటుందమ్మా?"

"ఇంట్ల మనిషికి గూడ అంటదా?"

డాక్టరు ఈసారి ఆమె ముఖం చూసి, అటు తల వంచుకున్న జ్ఞానయ్యను చూసి, "ఇంట్లో మనిషికి కూడా అంటదు," అన్నాడు.

ఎల్లన్నకు తెలివి వచ్చి, నా డ్యూటీ పోలేదు కదా అని అడిగాడని లస్మవ్వ చెప్పింది. వాళ్లను అక్కడే ఉంచి మధ్యాహ్నానికి ఇద్దరూ ఖాళీ బండితో బయలుదేరారు. సుసన్నా ముందు సీటులో కూర్చుంది. సుల్తానాబాద్ దాటాక నోరు విప్పింది.

"బండి ఆపు."

వేపచెట్టు కింద ఆపాడు. ఎండకు రోడ్డు మీద పురుగు లేదు.

"పిల్లలు గాలేదని నన్ను వద్దనుకున్నవనుకున్న," అంది. "రోజు పొద్దుగాల నీ మంచం ఎత్తి గోడకు ఆనిచ్చుకుంట గదే అనుకున్న."

"మా నాయన ఎనుక పోయిన మా అవ్వ లెక్క నువ్వు గూడ పోతవేమోనని బుగులు, సుసన్నా. నువ్వు బతుకాలె అనుకున్న."

"ఎనిమిదేండ్లాయె. బతికిచ్చినవా నన్ను?"

జ్ఞానయ్య రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని ఏడ్చాడు. నలభై ఏళ్లవాడు, ఎందరినో మోసినవాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. సుసన్నా కూడా ఏడ్చింది. కోపం పట్టలేక పిడికిలితో అతని ఛాతీ మీద ఒకటి గుద్దింది. మళ్లీ అక్కడే నొప్పి పెట్టిందేమోనని అరచేయి ఆనించింది. తరువాత చెయ్యి తీసి చెవి ఆనించింది.

అలవాటుకొద్దీ జ్ఞానయ్య ఊపిరి బిగబట్టాడు, తన గాలి ఆమెకు తగలకుండా.

"ఇడువు," అంది ఆమె చెవి తీయకుండా. "ఊపిరిడువు. ఇననియ్యి."

అతను ఊపిరి వదిలాడు. ఆమె పాపిట మీద నెరిసిన వెంట్రుకలు కొంచెం కదిలాయి. పెద్దపల్లి వైపు పోతున్న లారీ ఒకటి హారను కొట్టుకుంటూ దాటిపోయింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.