బ్రేకు లీవరుకు చేతి కొలత

ముప్పయ్యేళ్ళుగా కత్తెర పట్టిన మాస్టారికి ఒక పట్టుదల ఉంది. మనిషి ఎదురుగా నిలబడితే తప్ప కొలత తీసుకోడు. "మా తమ్ముడిదీ నాదీ ఒకే ఒళ్ళు, నన్ను కొలిచి వాడికి కుట్టెయ్యండి" అని ఎవరైనా వస్తే, "మరి వాడి పెళ్ళిలో కూడా మీరే పీటల మీద కూర్చున్నారా?" అని నవ్వుతూనే వెనక్కి పంపేవాడు. అలాంటి మాస్టారు ఆ రోజు మోటారు సైకిలు సామాన్ల కొట్లో నిలబడి, "లీవర్లు నాక్కాదమ్మా, మా ఆవిడకి. బండి నేర్చుకుంటోంది," అన్నాడు.

ఆ సంగతి ఆవిడకే తెలియదు. పక్క కొట్లో గుండీలు బేరమాడుతోంది.

అసలు గొడవ మాస్టారి కుడిచేతిది. బొటనవేలి మొదట్లో పుట్టిన నొప్పి ఏడాదిలో మిగతా వేళ్ళకీ పాకింది. మందపాటి గుడ్డ మీద కత్తెర మొరాయిస్తోంది. కత్తెర మొరాయిస్తే గుడ్డే పోతుంది, బ్రేకు అలా కాదు కదా. మొన్న మలుపులో వేళ్ళు సమయానికి బిగుసుకోక, ఆగి ఉన్న పాల వ్యానుకి వెళ్ళి తగిలాడు. వెనక కూర్చున్న భార్య మోకాలు కమిలిపోయింది. తప్పు తనదని తెలిసి కూడా పదిమందిలో డ్రైవరు మీద ఇంతెత్తున లేచాడు. ఆ అమాయకుడు "సారీ సార్" అంటూ, ఆగి ఉన్న బండినే ఇంకాస్త పక్కకి తీసుకున్నాడు. అది గుర్తొచ్చినప్పుడల్లా మాస్టారు కంచం ముందునుంచి లేచిపోతున్నాడు.

పోనీ నిజం చెబుదామా అంటే, కటింగు మాస్టారి చెయ్యి పడిపోయిందన్న మాట బయటికి పొక్కితే గుడ్డలు తెచ్చేదెవరు? గుట్టుగా లీవర్లు మార్పించేసి గట్టెక్కుదామనుకున్నాడు.

కొట్టావిడ మాస్టారి దగ్గరే చొక్కాలు కుట్టించుకునే మనిషి. రెండు రకాల లీవర్లు బల్ల మీద పెట్టి అడిగింది.

"చెయ్యి చిన్నదా మాస్టారూ, పట్టు తక్కువా?"

"రెండిటికీ తేడా ఏముందమ్మా?"

"భలేవారే. చెయ్యి చిన్నదైతే ఈ పొట్టివి చాలు, రెండు వేళ్ళకి అందుతాయి. పట్టు లేని వాళ్ళకి మాత్రం ఇవి వద్దు. లీవరు ఎంత పొట్టిదైతే అంత గట్టిగా నొక్కాలి. వాళ్ళకి ఈ పొడుగువి, మొదట్లో ఉన్న చిన్న చక్రం తిప్పి దగ్గరకి జరుపుకునేవి ఇస్తాను."

పట్టు తక్కువ. రెండే మాటలు. నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూలబడ్డాయి.

"చిన్నదే," అన్నాడు మాస్టారు.

"రంగు?"

నలుపు అనబోయాడు. కన్నాక పెంచక తప్పుతుందా, అబద్ధమైనా అంతే. "ఊదా. దానికి ఊదా అంటే ప్రాణం."

ఊదారంగు పొట్టి లీవర్లు బొమ్మకొలువులోంచి లేచొచ్చినట్టు మెరిసిపోతున్నాయి. పాతవాటికన్నా ఇవే ప్రమాదమని ఇప్పుడే విన్నాడు. విని కూడా వాటినే పొట్లం కట్టమన్నాడు.

అంతలో గుండీల సంచితో భార్య రానే వచ్చింది.

"రండి వదినగారూ, మీ లీవర్లే కడుతున్నా. ఏదీ, చెయ్యి ఒకసారి ఇటివ్వండి," అంది కొట్టావిడ.

భార్య మొగుడి వంక చూసింది. మొగుడు తేలు కుట్టిన దొంగలా గోడకున్న హెల్మెట్లు లెక్కపెడుతున్నాడు. ఆవిడ చెయ్యి చాపింది. అది మాస్టారి చేతికన్నా ఒక కణుపు పెద్దదే.

"ఇది చిన్న చెయ్యా మాస్టారూ? టేపు మెళ్ళో వేసుకు తిరిగే మీరే ఇలా అంటే ఎలా?"

"నేనెప్పట్నుంచి నేర్చుకుంటున్నానండీ?" అని మెల్లగా అడిగింది భార్య. "వెనక కూర్చోడానికి కూడా లీవర్లు కావాలా?" అంటూ పక్కనున్న స్టూలు మీద కూర్చోబోయి, మోకాలు వంగక బల్ల పట్టుకుంది.

మాస్టారు అది చూశాడు. పొట్లం వెనక్కి తోశాడు.

"చెయ్యి దానిది కాదమ్మా, నాది. చిన్నది కాదు, పట్టు లేదు. మొన్న వ్యానువాడి తప్పేం లేదు."

"నాకు తెలీదా? వెనకే ఉన్నాగా," అంది భార్య. "రెణ్ణెల్లుగా మీరు కునుకు తీసి లేచేసరికి కోటు గుడ్డల అంచులూ చొక్కాల చంకలూ వాటంతటవే తిన్నగా అవుతున్నాయనుకున్నారా?"

అనుకోలేదు, తన కత్తెర పనే అనుకున్నాడు. అదే ఘోరం. ఆ తిన్నని అంచులు చూసుకుంటూ 'నా చెయ్యి ఇంకా బాగానే ఉంది' అని తనకి తానే చెప్పుకున్నాడు. తల కొట్టేసినట్టయింది.

కొట్టావిడ చెయ్యెత్తి తన చొక్కా చంక కుట్టు చూసుకుంది. "అదా సంగతి. అందుకే ఈసారి పట్టేయలేదు."

ఆవిడ పొడుగు లీవర్లు తీసుకుని బయటికి నడిచింది. వీధిలోనే బిగించి, "నొక్కండి మాస్టారూ," అంది. నొక్కాడు. చక్రం ఒక గడి తిప్పింది. "ఇంకా దగ్గరకా?"

"ఇంకాస్త," అన్నాడు.

మళ్ళీ తిప్పింది. "ఇప్పుడు?"

"ఇంకాస్త." ఈసారి గొంతు తనకే వినపడలేదు.

అటుగా పోతున్న పాత గిరాకీ ఒకాయన ఆగాడు. "ఏం మాస్టారూ, బండికి రిపేరా?"

చెవులు కాలిపోతుండగా మాస్టారు లీవరు మీదినుంచి వేళ్ళు తియ్యలేదు.

"బండి బాగానే ఉందండీ. చెయ్యే."