చూరు దాకా కొలిచిన పన్ను

వరప్రసాదానికి భయం కొత్త కాదు. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే ప్యాసింజరు ఒక్క నిమిషం ఆగే ఊరొకటుంది. ఆ ఊరి పంచాయతీకి ఆయన బిల్లు కలెక్టరు. పద్నాలుగేళ్ళుగా ఆయన చేస్తున్న ఉద్యోగం, భయపడుతూ ఇంటిపన్ను అడగడం. కుక్కలంటే భయం. కుక్కలు లేని ఇళ్ళలో యజమానులంటే భయం. తలుపు తట్టడానికి ధైర్యం చాలక గేటు బయట నిలబడి మూడుసార్లు దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే చాలామంది ఇంట్లో ఉండి కూడా ఊళ్ళో లేకుండా పోయేవారు. ఆదివారం లూథరన్ చర్చిలో పాస్టరుగారి నోట, బైబిల్లో పన్నులు వసూలుచేసే పాపి ‘సుంకరి’ మాట వస్తే చాలు, ముందు బెంచీల వాళ్ళందరూ వెనక్కి తిరిగి ఆయన్ని చూసేవారు. ఆయన కూడా వెనక్కి తిరిగేవాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనన్న ఆశతో.

ఇంత భయస్తుడికీ ఒక సిద్ధాంతం ఉంది. టేపు అందరికీ ఒకటే. సర్పంచి బసవేశ్వరరావుగారి డాబాకైనా, పేటలో తాటాకిల్లుకైనా అదే యాభై అడుగుల గుడ్డ టేపు. పన్నుల ధర్మశాస్త్రం మొత్తం ఆ టేపులో చుట్టి ఉందని ఆయన నమ్మకం.

1988లో పన్ను సవరణ వచ్చింది. ప్రతి ఇల్లూ మళ్ళీ కొలిచి వైశాల్యాన్ని బట్టి పన్ను వెయ్యాలన్నారు. రెండు నెలలు ఎండలో తిరిగి కొలిచాడు. కార్యనిర్వహణాధికారి పాండురంగారావుగారు రిజిస్టరు మీద, తెరిచి చూసే శ్రమ పెట్టుకోకుండా, సంతకం చేశారు.

జాబితా గోడకంటించిన మూడోరోజు రాజమ్మ ఆఫీసుకొచ్చింది. పేటలో ఒంటరిగా ఉంటుంది, నాట్లకూ కోతలకూ వెళ్తుంది. చదువు రాదు.

“నాయనా, నా ఇల్లు ఎంతని రాశావు?”

“పద్నాలుగు పదహారులు, పెద్దమ్మా.”

“కాళ్ళు చాపుకుంటే గోడ తగులుద్ది నాకు. ఎనిమిదీ పదీ నా ఇల్లు. మిగతాది యాణ్ణించి తెచ్చావు?”

“చూరు ఉంది గదా. చూరునీళ్ళు పడేదాకా కొలిచా.”

“చూరు కింద నా కోళ్ళు పడుకుంటాయి. ఆటి పన్ను కూడా నేనే కట్టాలా? పోనీ ఆటి పేరునే రాయి, అవే కట్టుకుంటాయి.”

ఆఫీసులో ఉన్నవాళ్ళు నవ్వారు. రాజమ్మ నవ్వలేదు.

“సర్పంచిగారి డాబాకి టేపు గోడకాడే ఆగిందంట గదా. నా గుడిసె కాడికొచ్చేసరికి దానికి అంత నడకెందుకొచ్చిందయ్యా?”

వరప్రసాదం రిజిస్టరు తెరిచి డాబా కొలతా గుడిసె కొలతా మార్చి మార్చి చూశాడు.

ఆయన పేటలోనే పుట్టాడు. అక్కడ ఇంటికీ ఇంటికీ తగువొస్తే పెద్దలు చెప్పే తీర్పు ఒక్కటే: చూరునీళ్ళు ఎక్కడ పడితే అక్కడిదాకా ఇల్లు. బాపట్ల దగ్గర మిషన్ బడిలో మాస్టరీ చేసిన ఆయన తండ్రి దేవదానం జన్మలో గెలిచిన ఒకే ఒక్క తగువు కూడా ఆ లెక్కనే గెలిచాడు. అందుకని పేటలో టేపు తనంతట తనే చూరు దాకా నడిచింది. అది తనవాళ్ళకు తానిచ్చే మర్యాద అనుకున్నాడు. డాబాకు తాటాకు చూరు లేదు కనక గోడ దగ్గర ఆగింది. టేపు ఒకటే, ఆగే చోట్లే రెండు. పేటలో నూట నలభై తాటాకిళ్ళు. ఊళ్ళోకెల్లా చిన్న ఇళ్ళకు, ఊళ్ళోకెల్లా న్యాయవంతుడైన బిల్లు కలెక్టరు, రెండింతలూ మూడింతలూ పన్ను వేశాడు.

ఈ సంగతి చెబితే పాండురంగారావుగారు ముందు తలుపు వేశారు.

“ఒక్క ముసలమ్మే గదయ్యా అడిగింది. ఆవిడది సరిచేసెయ్. మిగతావాళ్ళు అడిగారా?”

“లేదండి.”

“మరి నీకేంటి దురద? నోరు విప్పావంటే నాకు మెమో వస్తుంది, నువ్వు ఇంటికి పోతావ్.”

ఇంటి దగ్గర భార్య పుష్పలత అంతా విని, “ఉద్యోగం పోతే బాపట్లలో మా అన్నయ్య పంచన పడాలి. మా వదిన సంగతి తెలుసుగా!” అంది. ఆయన భయాల జాబితాలో వదినగారు కూడా చేరారు.

గురువారం అభ్యంతరాలు వినడానికి తెనాలి నుంచి అధికారి ప్రకాశరావుగారు వచ్చారు.

“ఒక్కటేనా అభ్యంతరం?”

“ఒక్కటేనండి. ఎనభై చదరపు అడుగులకి సరిచేశాం,” అన్నారు పాండురంగారావుగారు.

ప్రకాశరావుగారు పెన్ను మూత పెట్టబోయారు. వరప్రసాదం లోపల భయాలు బారులు తీరాయి. ఈ ఆఫీసరు ఏడాదికి రెండుసార్లు వస్తాడు. పేటకు తను రోజూ వెళ్ళాలి. రాజమ్మ తిడుతుంది, ఫరవాలేదు, తిట్లు అలవాటే. మిగతా నూట ముప్పై తొమ్మిది మంది తిట్టరు. “కూర్చో నాయనా” అని నులకమంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, పమిట కొంగు ముడి విప్పి, ఎంత రాశాడో అంతా కట్టేస్తారు. అది తలుచుకునేసరికి ఆయనకు కుక్కలూ ఆఫీసర్లూ వదినలూ ఎవరూ భయంకరంగా కనిపించలేదు.

ఆయన కదలడం చూసి పాండురంగారావుగారు బల్ల కింద కాలు తొక్కారు. దాంతో ఎలా మొదలుపెట్టాలా అన్న ఇబ్బంది తీరిపోయింది.

“సార్!” అని కేక బయటికొచ్చేసింది. వెనకాలే మిగతాదంతా వచ్చింది: చూరు, గోడ, నూట నలభై ఇళ్ళు.



“అంతమందిలో ఇంకొక్కళ్ళయినా వచ్చి అడగలేదేంటి?” అన్నారు ప్రకాశరావుగారు.

“కొలిచింది నేను గదండి. నమ్మారండి.”

ప్రకాశరావుగారు పెన్ను మూత పక్కన పెట్టారు.

“పది రోజుల్లో అన్ని ఇళ్ళూ గోడల దాకానే మళ్ళీ కొలవాలి. నీకు ఒక ఇంక్రిమెంటు కట్. పాండురంగారావుగారూ, చూడకుండా సంతకం చేసినందుకు మీరు సంజాయిషీ ఇవ్వండి. నువ్వు ఇప్పుడు చెప్పిందంతా రాసివ్వవయ్యా.”

ఉద్యోగం పోలేదన్న సంగతి తలకెక్కడానికి కొంతసేపు పట్టింది. చేతులు మాత్రం ఆ కబురు అందనట్టే వణుకుతూ ఉండిపోయాయి. అరపేజీ రాయడానికి అరగంట పట్టింది. అడుగున పెట్టిన సంతకం చూసి ప్రకాశరావుగారు కళ్ళజోడు సవరించుకున్నారు.

“ఇది నీ సంతకమేనా?”

“నాదేనండి. భయపడుతూ పెట్టాను గానీ, నాదేనండి.”

ప్రకాశరావుగారు దాని పక్కనే తేదీ వేసి, కాగితం ఫైల్లో పెట్టారు.