పూర్ణయ్య సార్ డబ్బాలో నలభై రెండు చీటీలు

నిన్న పొద్దున గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలోకి, అదే బస్తాలోకి, మోచేతి దాకా చెయ్యి దూర్చి ఉన్నాను. దర్శి నుంచి నా డిగ్రీ క్లాస్‌మేట్ శీనుగాడి ఫోన్.

"ఒరేయ్, పూర్ణయ్య సార్ పోయార్రా."

"నాకే జోకులా? పెట్టేయ్ ఫోన్" అన్నాను.

డిగ్రీలో సెలవు కోసం ఒకసారి ఆయన పోయారని పుకారు పుట్టించింది నేనే మరి. ఆ రోజు సార్ గుమ్మంలో నిలబడి, "దండ ఏదిరా?" అన్నారు.

నిన్న శీనుగాడు ఏడుస్తున్నాడు.

టిక్కీ మీదే కూలబడ్డాను.

తెలియనివాళ్లకు చెప్తున్నా. ఆయన మాకు బీకాంలో స్టాటిస్టిక్స్ చెప్పారు. కుర్చీ ఉన్నా క్లాసులో ఏనాడూ కూర్చోలేదు. బెల్లు కొట్టే ముందు తలా ఒక చీటీ ఇచ్చేవారు.

"ఇవాళ ఏది అర్థం కాలేదో రాయండి. పేరొద్దు. మార్కుల్లేవు."

గుమ్మం దగ్గరున్న బిస్కెట్ డబ్బాలో వేసి వెళ్లాలి. మర్నాటి క్లాసు ఆ చీటీలతోనే మొదలు.

నా బుర్ర ఊరుకుంటుందా?

శాంప్లింగ్ పాఠం రోజున ఆ డబ్బా ఖాళీ చేసి, నేను రాసుకొచ్చిన నలభై రెండు చీటీలు పోశాను. అన్నిట్లో ఒకటే మాట: "ఒక్క ముక్క అర్థం కాలేదు."

మర్నాడు ఆయన ఒక్కో చీటీ విప్పి చదువుతుంటే వెనక బెంచీలో నవ్వాపుకోలేక చచ్చాను. ఆయన మాత్రం నలభై రెండూ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ తర్వాతి రోజు క్లాసులోకి మిర్చి బస్తా మోసుకొచ్చి, నన్ను పిలిచారు.

"రారా, మీ నాన్న మిర్చి వేస్తాడుగా. సరుకెలా ఉందో చెప్పు."

పైన ఎర్రగా నిగనిగలాడుతోంది. "ఫస్ట్ క్వాలిటీ సార్."

"చెయ్యి అడుక్కి పెట్టు."

గుప్పెడు తీస్తే అన్నీ తెల్లబడిన తాలుకాయలే. క్లాసంతా గొల్లుమంది.

"పైపైన చూసి బస్తాకి ధర కట్టకూడదురా. ముందు బెంచీ తలూపిందని క్లాసంతటికీ అర్థమైందనుకోకూడదు."

మూడు రోజులు అదే పాఠం మళ్లీ చెప్పారు.

నేను డిగ్రీ గట్టెక్కలేదు. ఆ పేపరు మాత్రం పాసయ్యాను. ఈ రోజుకీ యార్డులో బస్తా అడుగుదాకా పెట్టి చూసే ఆ చేత్తోనే బతుకుతున్నాను.

కానీ గుండెలో ఒక ముల్లు. "నాకు చెప్పడం రాదేమో" అని ఆయన స్టాఫ్ రూములో అన్నారట. నా చీటీల వల్లే అనుకున్నాను. పాతికేళ్లు ఆయన ఎదురొస్తే పక్క సందులోకి దూరాను.

పోయిన నెల మా అమ్మాయికి డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. "మీ సార్ ఆశీర్వాదం కావాలి నాన్నా" అని పట్టుబట్టింది. వెళ్లాం. ఆయన మంచం మీదున్నారు. నేను మొత్తం కక్కేశాను.

సార్ దగ్గుతూనే నవ్వారు. "నలభై రెండూ నీ కోడిగీతలే కదరా. ఆ రోజే తెలుసు."

"మరి మళ్లీ ఎందుకు చెప్పారు సార్?"

"ఒకడు కూర్చుని నలభై రెండుసార్లు రాశాడంటే, వాడికి నిజంగానే అర్థం కాలేదన్నమాట. నీ కోసమే చెప్పాను."

"చెప్పడం రాదేమో అన్నారట..."

"అది ఏటా అనుకునేదేరా." మా అమ్మాయి వైపు తిరిగారు. "నువ్వూ అనుకోమ్మా. అనుకోవడం మానేసిన రోజున పాఠం పాడవుద్ది."

నిన్న ఏడ్చాను. కానీ నిజం చెప్తున్నా, గుండె తేలిగ్గా ఉంది. పోయిన నెల వెళ్లకపోయి ఉంటే ఈ ముల్లు నాతోనే పాడెక్కేది.

మా అమ్మాయి క్లాసు గుమ్మంలో ఇప్పుడొక బిస్కెట్ డబ్బా ఉంది. ఇది చదివే లెక్చరర్లూ, మీరూ ఒకటి పెట్టండి. నాలాంటి వెధవ ఒకడు ఉండనే ఉంటాడు. వాడి చీటీ కూడా చదవండి.

సార్, ఈసారి ఒక్కటే చీటీ వేస్తున్నా.

అర్థమైంది.

ఇకనైనా ఆ కుర్చీలో హాయిగా కూర్చోండి.