ఆర్డిత్ చేతిసంచీలోని కార్డు

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఆ మూల కౌంటీలో ఆర్డిత్ క్లెమ్‌ను ఎరగనివాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళు బడి వంటశాలలో గరిటె తిప్పిన మనిషి. పళ్ళెంలో మిగిల్చి లేవాలంటే పిల్లలే కాదు, హెడ్మాస్టరు కూడా జంకేవాడు. నోరు అలాంటిది. భర్త పోయాక ఆ నోటికి పని లేకుండా పోయిందనుకుంటుండగా సంతకాల ఉద్యమం వచ్చింది. వైద్య బీమా కొని తీరాలని సర్కారు ఎవర్నీ బలవంతపెట్టకూడదు, ఆ మాట రాష్ట్ర రాజ్యాంగంలోనే రాయించాలి అన్నది దాని సారం.

అబ్బో, ఇంక ఆవిణ్ణి పట్టేదెవరు! 2010 ఆగస్టులో కౌంటీ సంతలో పందుల కొట్టం పక్కనే బల్ల వేసుకుని కూర్చుంది. సంతకం చేస్తుంటే కళ్ళారా చూడాలి, చూశానని కాగితం అడుగున తనూ సంతకం పెట్టాలి. చట్టం అది. మొదటి కాగితంలో మొదటి సంతకం తమ్ముడు లోవెల్ చేత పెట్టించింది. ఇళ్ళ పైకప్పులు వేసుకు బతికే లోవెల్‌కి చిన్నప్పట్నుంచీ అక్క మాటంటే మాటే.

"మనింట్లో ఎవరూ సర్కారు వైద్యం కార్డు ముట్టుకోరురా!" అంది, పదిమందీ వినేలా.

ఆ మాట అంటున్నప్పుడు కార్డు ఆవిడ చేతిసంచీలోనే ఉంది. మే నెలలో అరవై అయిదు నిండాయి, ఆ వయసు వాళ్ళందరికీ వచ్చినట్టే ఆవిడకీ వచ్చింది. తీసుకోవడం తప్పేం కాదు. దాచడమే తప్పు.

మరుసటేడు ఓట్లలో గెలిచి ఆ మాట రాజ్యాంగంలో రాయించారు. ఆ పై ఏడు రొమ్ములో మిరియపు గింజంత గడ్డ చేతికి తగిలింది. వెంటనే కార్డు పట్టుకుని పరుగెత్తింది, కోయించుకుంది, బతికి బట్టకట్టింది. తమ్ముడితో మాత్రం టొలీడో పట్నంలో స్నేహితురాలి ఇంటికి వెళ్ళొచ్చానని చెప్పింది.

2015 జనవరిలో లోవెల్ భార్య డార్లా వచ్చి వంటింట్లో కూలబడింది.

"వదినా, ఏడాదిన్నరగా ఆయనకి రక్తం పడుతోంది. మొలలే అంటాడు. లోపల గొట్టం వేసి చూడాలని డాక్టరు మొత్తుకుంటున్నాడు. బీమాకి వచ్చే నెల పదిహేను దాకా గడువుంది, సర్కారు కూడా కొంత కడుతుందట. ఫారం ముట్టుకోడు. మీరు చెబితే వింటాడు."

ఆర్డిత్ తన చేతిసంచీ వైపు చూసింది. గింజంత గడ్డకి తను పరుగెత్తింది, వీడు ఏడాదిన్నర ఓర్చుకున్నాడు. ఎవరి మాట పట్టుకుని? పాపిష్టిదాన్ని అనుకుంది.

ఆదివారం తమ్ముడింటికి వెళ్ళింది. బంగాళాదుంప ముద్ద మీద కోడి నూడుల్స్ పోసి పెట్టింది డార్లా. లోవెల్ రెండు ముద్దలు కెలికి వదిలేశాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది.

"ఫారం మీద సంతకం పెట్టరా."

"ఏంటక్కా, ఊరంతా తిరిగి రాజ్యాంగంలో రాయించి, ఇప్పుడు నువ్వే ఇలాగంటావా?"

"బలవంతం చెయ్యొద్దనే రాయించాం గానీ, తీసుకోవద్దని రాయించలేదురా మొండోడా!"

"సంతలో ఏమన్నావు? మనింట్లో ఎవరూ ముట్టుకోరనలా? పదిమందిలో అన్న మాట ఇప్పుడు మార్చేస్తే ఎలాగే? చావనైనా చస్తాను గానీ నీ పరువు తియ్యను."

పరువట! ఆవిడకి ఏడుపొచ్చింది. సంచీ తెరిచి కార్డు తీసి పళ్ళెం పక్కన పెట్టింది.

"నాకుందిరా. టొలీడో వెళ్ళలేదు. రొమ్ములో గడ్డ తీయించుకున్నాను, దీంతోనే. నీకు చెప్పకుండా నిన్ను చంపుకుంటున్నాను."

లోవెల్ కార్డుని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు. ఎప్పటినుంచి చెల్లుతుందో దాని మీద అచ్చేసి ఉంది. 2010, మే ఒకటి. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. మే, జూన్, జూలై, ఆగస్టు.

"అంటే నా చేత సంతకం పెట్టించిన రోజు ఇది నీ సంచీలోనే ఉందన్నమాట."

"అవునురా," అంది ఆర్డిత్. ముప్ఫై ఏళ్ళు బడినంతా గడగడలాడించిన నోటితోనే.

"డార్లా, కలం ఇటియ్యి," అన్నాడు లోవెల్.

కలం అందుకుని, ఫారం దగ్గరికి లాక్కుని, అక్క మొహంలోకి చూశాడు.

"నా చెయ్యి సరిగ్గా చూడవే అక్కా. కిందటిసారి చూశానని సంతకం పెట్టావుగా."

నెమ్మదిగా పేరు రాశాడు. కళ్ళు మసకబారుతున్నా ఆర్డిత్ చివరి అక్షరం దాకా చూసింది.

మార్చిలో గొట్టం వేసి చూశారు. పేగులో పుట్టిన క్యాన్సరు అప్పటికే కాలేయం దాకా పాకింది.