గోడలో వాలు

నేను ఇళ్ళలో ఏసీలు బిగించే మనిషిని. ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తోంది. భీమవరంలో ఉంటాను. నాతోపాటు మా బావమరిది పనిచేస్తాడు, నాకంటే మూడేళ్ళు చిన్న. షాపువాళ్ళు పొద్దున్నే ఫోను చేసి ఊరూ ఇల్లూ చెబుతారు. మేం వెళ్ళేసరికి ఏసీ పెట్టెలు ఆటోలో ముందే అక్కడికి చేరిపోయి ఉంటాయి. మేమిద్దరం సామాను సంచులు బండికి కట్టుకుని వెళతాం. వేసవి ముదిరాక రోజుకి రెండిళ్ళు అనుకుంటే మూడు తగులుతాయి, మూడనుకుంటే నాలుగు.

మా వైపు ఎండకంటే ఉక్క ఎక్కువ బాధపెడుతుంది. పొద్దున తడిసిన చొక్కా సాయంత్రం దాకా ఆరదు. డ్రిల్లు మిషను చేతిలో జారిపోతూ ఉంటుంది. కిటికీలు తెరిచిన గదిలో నిచ్చెన మీద నిలబడి, గోడ దుమ్ము చెమటకి ముఖాన అంటుకుంటుంటే పని చెయ్యాలి. ఇన్నేళ్ళలో నేను బిగించిన ఏసీ కింద పది నిమిషాలకి మించి కూర్చున్నది లేదు. గది చల్లబడే వేళకి మేం సంచులు సర్దుకుని రోడ్డెక్కేస్తాం.

ఇది రెండేళ్ళ కిందటి మాట. ఆ రోజు పొద్దున వీరవాసరంలో ఒకటి, తరవాత పాలకొల్లులో ఒకటి బిగించాం. మూడోది మొగల్తూరు దాటాక, సముద్రం వైపు, వేటకి వెళ్ళేవాళ్ళ పేటలో. మేం చేరేసరికి నాలుగున్నర అయింది. మధ్యాహ్నం భోజనం లేదు, దారిలో రెండు అరటిపళ్ళు తిన్నాం. నా కుడి భుజం అప్పటికే పైకి లేవడం మానేసింది.

ఇల్లు చిన్నది. ముందు వరండా, వెనక వంటిల్లు, మధ్యలో ఒకే గది. ఆ గదిలో మంచం మీద ఒకాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అరవై లోపే ఉంటాయి. పెద్ద బోటు నడిపే సరంగుగా చేశాడట. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. ఆయన భార్య నరసాపురం మార్కెట్లో చేపలు అమ్ముతుంది. ఏసీ ఆవిడే కొంది.

"డాక్టరు గారు చెప్పేరండి, వీపు చెమట పట్టకుండా చూసుకోమని," అందావిడ. "పడుకుని పడుకుని పుండ్లు పడ్డాయి. ఫ్యాను గాలికి ఏం ఆగుతాదండి, మంచం అంతా తడిసిపోతంది."

ఆ గదికి బయటి గోడ ఒక్కటే. మంచం ఆ గోడ పక్కనే ఉంది. మంచం కాస్త ఇవతలికి జరపమన్నాను, ఎదురుగా బీరువా, దాని పక్కన తలుపు. జరగడానికి చోటు లేదు. సరే, మంచానికి పైనే, ఆయన కాళ్ళ వైపుకి ఇండోర్ యూనిట్ బిగిద్దామనుకున్నాం.

ఇక్కడొక మాట చెప్పాలి. ఏసీ అంటే అందరూ చల్లగాలే అనుకుంటారు. మాలాంటి చోట అది చేసే పెద్ద పని గాలిలో నీళ్ళు పిండడం. ఉక్కపోత రోజున బకెట్టుకి బకెట్టు నిండిపోతుంది. ఆ నీళ్ళు గోడలో మేం పెట్టే కన్నం గుండా, సన్నటి గొట్టంలోంచి బయటికి పోవాలి. అందుకే కన్నం లోపలివైపు కాస్త ఎత్తుగా, బయటివైపు కాస్త దిగువగా ఉండాలి. వాలు తిరగబడితే నీళ్ళు ఇంట్లోకే వస్తాయి. ఈ పనిలో చేరిన మొదటి వారంలో నేర్చుకునే సంగతి ఇది.

నేను నిచ్చెనెక్కి కన్నం మొదలుపెట్టాను. పాతకాలపు లావు ఇటుక గోడ. సగం దూరం వెళ్ళాక లోపల ఏదో గట్టిది, రాయో ఇనుమో, తగిలి మిషను పైకి ఎగిరింది. అప్పుడు ఆపాలి. బయటికి తీసి, రెండంగుళాల అవతల మళ్ళీ మొదలుపెట్టాలి. నేను ఆపలేదు. భుజం మండిపోతోంది. మిషను ఎటు పోతే అటే నెట్టేశాను. బయట ఉన్న మా బావమరిది, "వచ్చేసింది బావా, కొంచెం పైకొచ్చినట్టుంది," అన్నాడు. "పర్లేదులే," అన్నాను.

అప్పటినుంచి మంచం మీది ఆయన గొంతుతో ఏదో శబ్దం చేయడం మొదలుపెట్టాడు. ఎడమ చెయ్యి లేపి గోడ వైపు చూపిస్తున్నాడు.

"ఏం కావాలంటండి?" అని ఆవిడని అడిగాను.

"మంచినీళ్ళేమోనండి," అని గ్లాసు తెచ్చి పట్టింది. ఆయన మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. నీళ్ళు చెంప మీదుగా దిండులోకి పోయాయి. మళ్ళీ చెయ్యి లేపాడు. "కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఇంతేనండి, ఊరుకోరు," అంటూ ఆవిడ ఆ చేతిని మెల్లగా దించి దుప్పటి సర్దింది. నేను నా పని చూసుకున్నాను.

రాగి గొట్టాలు కలిపాం, గ్యాసు వదిలాం, ఏసీ ఆన్ చేశాం. చల్లగాలి వచ్చింది. ఆవిడ గాలికి ఎదురుగా చెయ్యి పెట్టి చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మామూలుగా మేం వెళ్ళేముందు ఇండోర్ యూనిట్ ట్రేలో మగ్గుడు నీళ్ళు పోసి, బయటికి వస్తున్నాయో లేదో చూస్తాం. మా బావమరిది మగ్గు కోసం చుట్టూ చూశాడు కూడా.

"నీళ్ళు పోసి చూద్దామా బావా?"

"పోతాయిలే, పద," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోను వచ్చింది. ఆ ఇంటావిడే. "మేస్త్రి గారూ, నీళ్ళు కారతన్నాయండి లోపలికి. ఒకసారి వస్తారేంటండి." గొంతులో కోపం లేదు. నేను అప్పుడు ఆకివీడులో నిచ్చెన మీద ఉన్నాను. రేపు పొద్దున వస్తానన్నాను. "సరేనండి," అని పెట్టేసింది. జరిగింది ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు వెళ్ళేసరికి ఇంటి ముందు ప్రహరీ మీద పరుపు ఆరేసి ఉంది. ఏసీ ఆపేసి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. ఆయన వట్టి చాప పరిచిన మంచం మీద పక్కకి తిరిగి పడుకున్నాడు. వీపుకి గాజుగుడ్డ కొత్తగా కట్టి ఉంది. ఆవిడ మార్కెట్‌కి వెళ్ళలేదు. వరండాలో కూర్చుని మెల్లగా చెప్పింది.

మేం బిగించిన రాత్రి కరెంటు లేక ఏసీ వెయ్యనే లేదట. నిన్న పొద్దున ఎనిమిదికి ఆయనకి టిఫిను పెట్టి, ఏసీ వేసి, కిటికీలూ తలుపూ మూసి నరసాపురం వెళ్ళింది. రోజూ అయితే కిటికీ తెరిచే ఉంటుంది. ఆయన గట్టిగా శబ్దం చేస్తే పక్కింటావిడ వచ్చి చూస్తుంది. నిన్న మాత్రం ఆ పక్కింటావిడకి ఈవిడే చెప్పి వెళ్ళింది, చల్లగా పడుకున్నారు, తలుపు తియ్యొద్దు, చల్లదనం పోతుంది అని. తిరిగొచ్చేసరికి రెండయింది. నీళ్ళు గోడ వెంబడి కారి, ఏసీ అంచునుంచి ఆయన నడుం మీద పడుతున్నాయి. పరుపు మొత్తం తడిసి ముద్దయిపోయింది. పైనుంచి చల్లగాలి. ఆయన వణుకుతున్నాడు.

"ఎప్పటినుంచి తడిశారో తెలీదండి," అంది. "అరిచే ఉంటారు. గొంతు పోయింది, శబ్దం కూడా రావట్లేదు ఇయ్యాల."

మా బావమరిది చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. అందులో వాడి తప్పు లేదు, వాడు అడగనే అడిగాడు.

"తప్పు నాదేనండి," అన్నాను. "మిషనుది కాదు. కన్నం సరిగ్గా పెట్టలేదు. తెలిసే వదిలేశాను."

ఆవిడ నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. "తలుపు తియ్యొద్దని చెప్పింది నేనే కదండి," అంది.

లోపలికి వెళ్ళి ఇండోర్ యూనిట్ దించాను. గొట్టాలు పక్కకి లాగాను. కన్నం ఎంత వంకరపోయిందో చూద్దామని మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. తల ఆయన దిండు ఎత్తుకి వచ్చింది. అక్కణ్ణుంచి పైకి చూస్తే ఆ కన్నంలోంచి ఆకాశం కనబడింది. కొబ్బరాకు కొస ఒకటి ఊగుతోంది. వాలు సరిగ్గా ఉంటే మంచం మీదనుంచి ఏమీ కనబడకూడదు. మొన్న ఆయన చెయ్యి లేపి చూపించింది అదే. జీవితమంతా నీళ్ళ మీద బతికిన మనిషి. నీళ్ళు ఎటు పోతాయో నాకంటే ముందు ఆయనకే తెలిసింది.

"మొన్న మీరు చెప్పింది ఇదేనాండి?" అని అడిగాను. ఆయన నన్నే చూస్తూ ఒకసారి కళ్ళు మూసి తెరిచాడు.

ఆ పూట ఇంకెక్కడికీ వెళ్ళలేదు. షాపుకి ఫోను చేసి మిగతా ఇళ్ళు రేపటికి పెట్టమన్నాను. వాళ్ళు విసుక్కున్నారు. బయటినుంచి ఉలీ సుత్తీ పెట్టి ఆ పాత కన్నాన్ని కిందికి తొలిచాను. మంచం మీద దుమ్ము పడకుండా మా బావమరిది లోపల తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. రెండు గంటలు పట్టింది. చెమట కళ్ళలోకి దిగి ఏమీ కనబడని సమయాలున్నాయి. తరవాత యూనిట్ ఎక్కించి, రసమట్టం పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా సర్ది, ట్రేలో మగ్గుడు నీళ్ళు పోశాను.

"వస్తన్నాయి బావా," అని బయటినుంచి కేక వినబడింది. ఇంకో మగ్గు పోశాను. ఇంకోటి. మూడూ పోయాయి.

"నీళ్ళు బయటికి పోతున్నాయండి," అని ఆయనకి చెప్పాను. ఆయన ఎడమ అరచెయ్యి బోర్లించి, గాలిలో మెల్లగా ఏటవాలుగా దించాడు. ఒడ్డునుంచి బోటుని నీళ్ళలోకి దించుతున్నట్టు. అప్పుడు ఆయన మొహంలో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు. సగం మొహమే కదులుతుంది ఆయనకి.

సంచులు సర్దుతుంటే ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చింది. "ఒకటి అడుగుతానండి. ఇది వేస్తే తలుపులు మూసెయ్యాలి. మూసేస్తే ఆయన ఎవరికీ వినపడరు. దానికేదైనా దారుందాండి?"

ఇరవై ఏళ్ళలో ఏసీ కొన్నవాళ్ళు నన్ను చాలా అడిగారు, కరెంటు ఎంత కాలుతుంది, ఎన్నాళ్ళు మన్నుతుంది అని. మూసిన గదిలోంచి మనిషి గొంతు ఎలా బయటికి వెళ్ళాలో ఎవరూ అడగలేదు. నాకూ ఎప్పుడూ తట్టలేదు.

మొగల్తూరు సెంటరుకి వెళ్ళి కాలింగ్ బెల్లు, వైరు, ఒక స్విచ్చి తెచ్చాం. స్విచ్చిని చెక్క ముక్కకి బిగించి మంచానికి ఎడమవైపు, ఆయన చేతికి అందేలా కట్టాం. బెల్లు పక్కింటి వరండాలో పెట్టాం. ఆయనతో నొక్కించి చూశాం. పక్కింటావిడ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. ఆయన మళ్ళీ నొక్కాడు. మూడోసారికి ఆవిడ తన గుమ్మంలోంచే, "ఆయ్, తెలిసిందండి, ఇక ఊరుకోండి," అంది. ఆ ఇంటావిడ మొహంలో ఆ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వు కనబడింది.

దారిలో చేపల చెరువుల గట్ల మీద బండి పోతుంటే మా బావమరిది వెనకనుంచి, "మనిద్దరం ఈ పనికి ముసలాళ్ళమైపోయాం బావా," అన్నాడు. ఆ మాట నిజమే అనిపించింది. కానీ తెల్లారి మళ్ళీ ఫోను మోగింది, వెళ్ళాం.

కార్తీకంలో ఆ ఇంటికి సర్వీసుకి వెళ్ళాను, ఒక్కణ్ణే. మా బావమరిది అప్పటికి రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు చూసే పనికి మారిపోయాడు. సాయంకాలం. ఆయన్ని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి ఉంచారు. వీపు పుండ్లు మానాయని ఆవిడ చెప్పింది. ఉప్పుగాలికి అవుట్‌డోర్ యూనిట్ రెక్కలు అప్పుడే తుప్పుపట్టడం మొదలైంది. ఇంకో రెండేళ్ళకి మించి రాదని చెప్పాలా వద్దా అనుకుని, చెప్పాను. ఆవిడ తల ఊపింది. నేను కడుగుతున్నంతసేపూ ఆయన నా చేతులే చూస్తూ కూర్చున్నాడు. పని అయ్యాక టీ ఇచ్చారు. తాగి గ్లాసు కింద పెడుతుంటే ఫోను మోగింది. నరసాపురంలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఇవాళే కావాలంటున్నారు. వస్తున్నానని చెప్పి, మోకాలి మీద చెయ్యి ఆనించుకుని లేచాను.