పీటకి పెద్దది, చాపకి చిన్నది

మా ఇంట్లో ఒక బొమ్మల పుస్తకం ఉండేది. పీట మీద పెడితే పీట కనపడేది కాదు. చాప మీద పెడితే మాత్రం పక్కన ఇంకొకరు పడుకునేంత చోటు మిగిలేది. అందుకని మా అమ్మ దానికి "పీటకి పెద్దది, చాపకి చిన్నది" అని పేరు పెట్టింది. మూసి ఉన్నప్పుడే ఆ సైజు. తెరిచామంటే గదిలో నడవడానికి దారి ఉండేది కాదు. నాన్న దాన్ని తిట్టుకుంటూ దాటేవాడు గానీ ఏనాడూ తొక్కలేదు.

నాన్న తాడేపల్లిగూడెంలో ఒక మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. మిషన్ బంగళాలో ఉండే దొరసాని గారు స్వదేశం వెళ్లిపోతూ సామానంతా తలా ఒకటి పంచారట. బీరువా ఒకరికి పోయింది, దోమతెర ఒకరికి పోయింది. ఈ పుస్తకం ఏ అలమరలోనూ పట్టదని ఎవరూ తీసుకోలేదు. ఊరికే వచ్చేదాన్ని వదలడం మా నాన్న వంశంలో లేదు. సైకిల్ క్యారేజీకి కట్టుకుని, గాలికి అది తెరచాపలా అడ్డం తిరుగుతుంటే తొక్కలేక, నడిపించుకుంటూ ఇంటికొచ్చాడు. అందులో ఏం రాసి ఉందో ఆయన చూడలేదు. ఇంగ్లీషులో ఆయనకొచ్చింది పిల్లల్ని నిలబెట్టడం, తిప్పడం, ఆపడం. అంతకు మించి అవసరమూ పడలేదు.

చదివింది మా అక్క. అక్కకి అప్పుడు మూడో తరగతి, నాకు ఒకటి. ఆ పుస్తకం ముందు ఒక్కరే కూర్చోగలరు. పక్కన చేరితే నా మోకాలు అట్ట మీదకొచ్చేది, అక్క మోచెయ్యి నా డొక్కలోకి వచ్చేది. నాలుగు దెబ్బలు తిన్నాక నేను ఎదురుగా వెళ్లి కూర్చున్నాను. ఇక ఆ పుస్తకం మాతో ఉన్నన్నాళ్లూ అదే నా చోటు. అందులో బొమ్మలన్నీ నేను తలకిందులుగానే చూశాను.

దాని వల్ల నాకు జరిగిన మేలు చెప్పకపోతే పాపం. అక్షరాలు ఎటూ నాకు తిరగబడే ఉండేవి కాబట్టి బొమ్మల్నే తినేసేదాన్ని. అక్క వేలు పెట్టి చదివి చెప్పేది, నేను బొమ్మ చూసి దబాయించేదాన్ని. ఇప్పటికీ మా పని అదే. అక్క చెబుతుంది, నేను వేస్తాను. పిల్లల పత్రికల్లో మేమిద్దరం కలిసి చేసిన బొమ్మల కథలు ముప్ఫై ఏళ్లుగా వస్తున్నాయి. ఈనాటికీ బొమ్మ కుదరకపోతే కాగితం తిప్పి తలకిందులుగా చూస్తాను. ఏలూరులో మా ఇంటికొచ్చినవాళ్లు అది చూసి నాకేదో అయిందనుకుంటారు.

ఆ పుస్తకంలో ఉన్నది ఎర్రటోపీ మామ కథ. కొల్లేట్లో దోనె నడిపేవాడు. చేతిలో పొడుగాటి గెడ. వేసవిలో నీళ్లింకి తాటిదోనె బురదలో కూరుకుపోతే సంచి ముక్కుల గూడబాతులు వరసగా నిలబడి నవ్వేవి: "నీళ్లుంటేనే మామవి, లేకపోతే మనిషివి." చివరి పేజీలో మామ ఒళ్లు మండి, గెడ బురదలో ఊని, ఒక్క గెంతు గెంతి మబ్బుల్లోకి ఎగిరిపోతాడు. గూడబాతులు నోళ్లు తెరుచుకుని చూస్తాయి. మాకు ఏటా సెలవులకి కొల్లేటికోట అమ్మమ్మ ఇల్లే గతి కాబట్టి, దొరసాని గారి పుస్తకంలో దోనెలూ గూడబాతులూ ఎందుకున్నాయని మాకు అనుమానమే రాలేదు. ప్రపంచమంతా కొల్లేరులాగే ఉంటుందనుకున్నాం.

మొన్నీమధ్య విజయవాడ నుంచి ఒక ఎడిటరు కుర్రాడు ఫోన్ చేశాడు. పాత రోజుల పెద్ద సైజు కామిక్స్ మీద మళ్లీ మోజు వచ్చిందనీ, బొమ్మల కథలు చేసేవాళ్లందరి చేతా వాటి గురించి మాట్లాడిస్తున్నాననీ, మీకేమైనా గుర్తుందా అండీ అనీ అడిగాడు. గుర్తుందా అంటే ఏం చెప్పను, గంటసేపు వాయించాను. ఎర్రటోపీ మామ కథంతా చెప్పాను. అబ్బాయి ఆపకుండా విని, మర్నాడు మళ్లీ ఫోన్ చేసి, అదే కథని అదే సైజులో మీరిద్దరూ చేసివ్వండి, మేం వేస్తాం అన్నాడు.

నేను గాల్లో తేలిపోయాను. ముప్ఫై ఏళ్లుగా నా కొల్లేటిని పత్రికలవాళ్లు అగ్గిపెట్టెంత జాగాలో పోయమంటూనే ఉన్నారు. గుంపుగా గూడబాతుల్ని గీస్తే అచ్చులో ఆవగింజలు పోసినట్టు వచ్చేవి. ఒక్కసారి, కళ్లు బాగుండగా, చెయ్యి వణకకుండా ఉండగా, చాప మీద పరిచి చూసుకునే బొమ్మ వెయ్యాలని నా కోరిక. అది ఇన్నాళ్లకి నడిచి మా గుమ్మంలోకొచ్చింది.

వచ్చినదాన్ని మా అక్క గుమ్మంలోనే ఆపేసింది. అక్క తాడేపల్లిగూడెంలోనే ఉంటుంది. పెంటపాడు వైపు ఒక బడిలో ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరైంది. ముగ్గురం ఫోన్లో మాట్లాడుకుంటుంటే ఆ అబ్బాయి మాటవరసకి, కథ మీ సొంతమే కదండీ అన్నాడు.

"కాదండి. ఇంగ్లీషు పుస్తకంలోది. నేను చదివి చెప్పానంతే," అంది అక్క.

ఆ అబ్బాయి నీళ్లు నమిలాడు. అయితే అది ఎవరిదో ఒకసారి చూసుకోవాలండి, లేకపోతే మేం వెయ్యలేమండి అని మర్యాదగా పెట్టేశాడు. నాకు అక్క మీద ఎంత కోపం వచ్చిందంటే ఫోన్లో ఉంది కాబట్టి సరిపోయింది, మనిషి దగ్గరుంటే ఏం చేసేదాన్నో. నోటికందిన ముద్దని నేలపాలు చేశావు కదే అని ఏడిచాను. ఆ పుస్తకం ఎవరికి గుర్తుంది, దొరసాని గారు లేచొచ్చి అడుగుతుందా అని కూడా అన్నాను. అక్క ఒకటే మాట. ఒకరి కథ మీద నా పేరు వేసుకోను. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్లలో మా కథల కింద ఎక్కడా అక్క 'రచన' అని వేయనివ్వలేదు. "చెప్పినది" అనే వేయించుకునేది. అదొక ముచ్చట అనుకున్నాను గానీ, తనకి సొంతంగా కథ పుట్టదనీ, ఆ పుస్తకం చదివి చదివి ఒంటబట్టిందే అటూ ఇటూ తిప్పి చెబుతున్నాననీ అక్క మనసులో ఉందని ఆరోజు ఆవిడ నోటితోనే విన్నాను. పైగా ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏటా బడి తెరవగానే కొత్త పిల్లలకి అక్క మొదటి పాఠం అదే: నేను మూడో తరగతిలోనే ఇంగ్లీషు పుస్తకం గడగడా చదివాను, మీకేం రోగం.

సరే, పుస్తకం చూసి తేల్చుకుందాం అనుకున్నాం. అది కొల్లేటికోటలో పిన్ని దగ్గరుంది. అమ్మ ఆఖరి చెల్లెలు. టైలరింగ్ నేర్చుకుంటానని మా ఇంట్లో ఉండి, పెళ్లై వెళ్లేటప్పుడు ఆ పుస్తకం అడిగి పట్టుకెళ్లింది. చదవడానికి కాదు. ఒక మడత పెట్టిన పట్టుచీర ఆ పేజీల మధ్య సరిగ్గా పడుతుంది. పరుపు కింద పెడితే ఇస్త్రీ అక్కర్లేదు. మేమిద్దరం ఆరోజు పిన్ని పెళ్లికన్నా పుస్తకం పోయినందుకే ఎక్కువ ఏడిచాం.

అక్క గూడెం నుంచి ఏలూరు వచ్చింది. ఇద్దరం కైకలూరు బస్సెక్కాం. దారి పొడుగునా అటూ ఇటూ చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు. కైకలూరులో ఆటో ఎక్కాక, గట్టు మీద గూడబాతులు కనపడితే అక్క నవ్వింది. నేను నవ్వలేదు. నాకింకా కోపం తగ్గలేదు.

పిన్ని మమ్మల్ని చూసి, ప్రభువు పంపినట్టే వచ్చారమ్మా, చేపల పులుసు పెట్టాను అంది. పుస్తకం కోసం వచ్చామంటే మొహం మాడిపోయింది. ఇప్పుడు తీస్తే చీరలు నలుగుతాయి, క్రిస్మస్ దాకా ఆగలేరా అంది. బతిమాలగా బతిమాలగా ముగ్గురం పరుపు ఎత్తాం. నాఫ్తలీన్ ఉండల వాసనతో పాటు అది బయటికొచ్చింది. ప్రతి పేజీలోంచీ ఒక చీర తీసి మంచం మీద పరుస్తూ పిన్ని, ఇది బాబాయి కొన్నది, ఇది నా పెళ్లిది అని చెబుతూనే ఉంది. అంతా ఖాళీ అయ్యాక నేల మీద పెట్టాం. అక్క ముందు కూర్చుంది. నా కాళ్లు వాటంతటవే ఎదురుగా వెళ్లాయి.

చిన్నప్పుడు పెద్దగా కనిపించినవన్నీ తర్వాత చిన్నవైపోతాయంటారు. ఇది కాలేదు. ఇప్పటికీ పీటకి పెద్దదే.

అక్క కళ్లజోడు సవరించుకుని, పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో మొదటి లైను అందుకుంది. ఆగింది. రెండో లైను చూసింది. పేజీ తిప్పింది. మళ్లీ తిప్పింది.

"ఏమే," అంది మెల్లిగా, "ఇది ఇంగ్లీషు కాదే."

నేను లేచి వెళ్లి చూశాను. అక్షరాలు ఇంగ్లీషువే. మాట ఒక్కటీ కాదు. కొన్ని అక్షరాల నెత్తిన జంట చుక్కలు కూడా ఉన్నాయి. దొరసాని గారిది ఏ దేశమో మాకెవరూ చెప్పలేదు, మేం అడగలేదు. తెల్లవాళ్లందరిదీ ఇంగ్లీషే అనుకున్నాం. నాకు నవ్వాగలేదు. పిన్నికి ఏమీ అర్థం కాకపోయినా నాతో పాటు నవ్వింది.

ఫోన్ కెమెరా పేజీ మీద పెడితే తెలుగులోకి మార్చి చూపించింది. "శ్రీమతీ, మీ పొగగొట్టంలో మసి మిక్కిలి కలదు" అని మొదలైంది. ఎర్రటోపీ మామ పొగగొట్టాలు తుడిచేవాడట. చేతిలోది గెడ కాదు, పొడుగు కర్రకి కట్టిన చీపురు. ఇంటింటికీ కప్పెక్కి, కూలి ఇవ్వలేదని పోట్లాడుకుంటూ, చివరి పేజీలో జారి రొట్టెలవాడి పిండిరాశిలో తలకిందులుగా పడతాడు. ఊరంతా నవ్వుతుంది. అంతే కథ. కొల్లేరు లేదు, దోనె లేదు. గూడబాతుల జాడే లేదు.

నేను గంతులేసినంత పని చేశాను. కథ ఎవరిదీ కాదు, మనదే, ఫోన్ కలపనా అన్నాను. చూస్తే అక్క కళ్లనిండా నీళ్లు.

"ఎంతమంది పిల్లలకి చెప్పానే, చదివానని," అంది. "ఒక్క ముక్క చదవలేదు."

నా నవ్వు ఆగిపోయింది. అంత పెద్ద మనిషి ఆ పుస్తకం ముందు మూడో తరగతి పిల్లలా కూర్చుని ఉంది. పిన్ని చీరలు మడత పెడుతూనే, నువ్వు చదవకపోతే ఆ కథ ఎక్కడ్నించి వచ్చిందమ్మాయ్, మేమంతా పని మానుకుని వినేవాళ్లం కదా అంది.

అక్క మళ్లీ చివరి పేజీ తీసింది. తర్వాత నన్నడిగింది, ఇవన్నీ ఇళ్ల కప్పులు కదా, మరి పడవలెలా వచ్చాయి అని.

"నాకెప్పుడూ పడవలే," అన్నాను. "ఇళ్లు అని నువ్వు ఎప్పుడు అన్నా నేను ఒప్పుకోలేదు. నేను ఏడ్చి పేజీ చింపుతానని నువ్వే వాటిని పడవలు చేశావు. కావాలంటే ఇటొచ్చి చూడు."

ఇన్నేళ్లలో అక్క ఎప్పుడూ ఇటు రాలేదు. మోకాళ్ల నొప్పులు కదా, మంచం కోడు పట్టుకుని లేచి, పుస్తకం చుట్టూ తిరిగొచ్చి నా పక్కన చతికిలబడింది. అటు నుంచి చూస్తే మొనదేలిన కప్పులు. ఇటు నుంచి చూస్తే ఆకాశమే నీళ్లు, ఆ నీళ్ల మీద అవే కప్పులు వరసగా దోనెలు. దోనె కింద మామ నీడ, నీడ చేతిలో గెడ. చివరి పేజీలో మామ, తల పైకి పెట్టి, పిండిరాశి వైపు కాదు, తెల్లటి మబ్బు వైపు.

అక్క మామ టోపీ మీద వేలు పెట్టింది.

"ఎగురుతున్నాడే," అంది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఆ అబ్బాయికి ఫోన్ కలపమంది. ఇంతకీ కథ ఎవరిదని తేలిందండీ అని అడిగాడు అతను. నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది.

"మాదేనండి. రచన అని ఇద్దరి పేర్లూ వెయ్యండి. మా చెల్లి పుస్తకానికి అటు కూర్చోకపోతే ఈ కథ నాకు వచ్చేది కాదండి."