కొంగుముడిలో రోటరు

"ఆ బండి నన్ను యాపొద్దూ నడిదోవలో ఇడిసిపెట్టలేదే. ఆ పొద్దు రెడ్డెప్ప యాల అట్ల చేసినాడో."

"పాత మాటలు ఇప్పుడెందుకు మామా. పండుకో."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మధ్యాహ్నం అన్నం తిని గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం కాఫీ గ్లాసు తీసుకుపోయి పిలిస్తే పలకలేదు.

ఆయన అడిగినదానికి జవాబు నా దగ్గర ఉంది. అప్పుడూ ఉంది, అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఉంది. ఆ జవాబును కడుపులో పెట్టుకునే ఆయనకు వండి వడ్డించాను, ఆయన పక్కన నడిచాను, ఆయన పోతే ఏడ్చాను. తవుడు మూట బరువు నాకు తెలుసు. మూటైతే ఏ అరుగు మీదైనా దించి ఊపిరి పీల్చుకోవచ్చు. దీన్ని దించే అరుగు నాకు ఎక్కడా కనపడలేదు.

నాకు చదువు లేదు. సంతకం చేస్తాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెబుతుంటే రాస్తున్నది సునంద. రెడ్డెప్ప కూతురు. రెడ్డెప్ప అంటే మా ఆయనకు సొంత తమ్ముడు, నాకు మరిది. ఏం రాయాల్సి వస్తుందో ఈ పిల్లకు ఇంకా తెలియదు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. నా పేరు మాత్రం వద్దన్నాను. చదివే మీరెవరో నాకు తెలియదు. ముఖం తెలియని మీకు చెబుతున్నాను అనుకుంటేనే నా నోరు పెగులుతుంది.

పోయిన వారం నన్ను కుప్పంలో కంటి డాక్టరుకు చూపించాలని సునంద పలమనేరు నుంచి బాడుగ కారు తీసుకుని వచ్చింది. మెత్తగా పోతోంది కారు. దారిలో ఊరికే, పొద్దుపోక అడిగింది.

"పెద్దమ్మా, మీ పాత కారు బాగుండేదా, ఈ బాడుగ కారు బాగుండాదా?"

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ ప్రశ్నకు నేను ఒకసారి జవాబు చెప్పి ఉన్నాను. నోటితో కాదు, చేత్తో.

మా ఆయనకు పుంగనూరులో తవుడంగడి. మదనపల్లెలో ఒక డాక్టరు వాడి వాడి వదిలేసిన కారును ఆయన మోజుపడి కొన్నాడు. అప్పటికే అది ముసలిది. ముందు సీటు బెంచీలాగా ఒకటే పొడుగు. గేరు స్టీరింగు దగ్గరే ఉండేది కాబట్టి మా ఇద్దరి మధ్య అడ్డం ఏమీ ఉండేది కాదు. డిక్కీలో తవుడు మూటలు వేసి తిప్పడం వల్ల కారంతా తవుడు వాసన. వానకాలం తలుపు సందులోంచి నా చీర మీద నీళ్లు కారేవి. ఎండాకాలం ఇంజను వేడికి కాళ్లు కాలేవి. ఆయన తడిపిన తువ్వాలు కిటికీకి కట్టేవాడు. అదే మా ఏసీ అనేవాడు.

ఆ బండి రోగం తెలిసినవాడు రెడ్డెప్ప ఒక్కడే. మా ఇంటి పక్కనే ఆయన రిపేరు షెడ్డు. దూరం నుంచి శబ్దం విని, ఏ బోల్టు వదులైందో చెప్పేవాడు.

జాతరకో తిరునాళ్లకో పోయినప్పుడు మా ఆయనకు ఒక అలవాటు ఉండేది. బండి నిలిపి, బానెట్ ఎత్తి, వైర్లు వచ్చి చేరే నల్లటి మూత తీసి, లోపలున్న చిన్న ముక్కను పీకేవాడు. బొటనవేలంత ఉంటుంది. తల మీద ఇత్తడి రేకు. రోటరు అంటారు. అది లేకపోతే ఇంజను ఎంత తిప్పినా అంటుకోదు, దొంగ వచ్చినా ఏమీ చెయ్యలేడు. దాన్ని తుడిచి నా చేతిలో పెట్టేవాడు. నేను కొంగున ముడేసుకునేదాన్ని. చౌడేపల్లె దగ్గర బోయకొండకు పోయినప్పుడల్లా కొండెక్కి దిగేదాకా మా కారు ప్రాణం నా కొంగులోనే ఉండేది. "మా బండి తాళం మా ఆడమనిసి" అని ఆయన అందరికీ చెప్పుకునేవాడు. అలా చెప్పినప్పుడు నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని నేనేం చేశానో చూడండి.

మా చెల్లెలిని కుప్పంలో ఇచ్చాం. వాళ్లకు పట్టుదారం తీసే మిషన్లు ఉన్నాయి. కలిగినవాళ్లు. వాళ్ల గృహప్రవేశానికి పోయి తిరిగి బయల్దేరేటప్పుడు మా కారు కదల్లేదు. పట్టుపంచెల వాళ్లంతా వచ్చి తోశారు. మా చెల్లెలు నవ్వు ఆపుకోలేకపోయింది.

"అక్కా, పాప పెండ్లికి ఒచ్చేటప్పుడు బండి తోసేదానికి నలుగుర్ని తోడుకోనే రాక్కా. మా ఇంటాయన నడుము పట్టుకుంటే పీటల మీద కూసోలేడు."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ నవ్వు నా చెవిలో ఉండిపోయింది.

చెల్లెలి కూతురి పెళ్లి రోజు దగ్గరపడింది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. మదనపల్లెలో తెల్లటి ఏసీ కార్లు బాడుగకు వచ్చాయి. ఒకటి మాట్లాడమని మా ఆయనను అడిగాను.

"ఇంట్లో ఎనుమును కట్టేసుకోని పాలు కొనేదానికి పోతారా ఎవరన్నా? రెడ్డెప్పకు చెప్పినాను. నున్నగా చేసిస్తాడు."

పెళ్లికి ముందురోజు రెడ్డెప్ప అన్నం కూడా మానేసి బండి కింద పడుకుని పనిచేశాడు. మా ఆయన సరుకుకని మదనపల్లె పోయి ఉన్నాడు. సాయంత్రం నేను కాఫీ తీసుకుని వాకిట్లోకి వస్తే, బానెట్ మూసి స్టార్ట్ చేసి చూపించాడు.

"ఇను వదినా. కుట్టుమిషన్ మాదిరి ఆడతాండాది. రేపు మీ చెల్లెలు మూతి యాడ పెట్టుకుంటాదో సూస్తాం."

నిజంగానే కుట్టుమిషన్ లాగా ఆడింది. ఆయన కాఫీ తాగి పోయాడు. ఎంత బాగా ఆడినా అది తవుడు వాసన వేసే ముసలి కారే కదా అనిపించింది. నేను బానెట్ ఎత్తాను. మూతకు రెండు పక్కలా ఉండే క్లిప్పులు ఎలా వదులు చెయ్యాలో చూసి చూసి నాకు వచ్చు. ముక్క పీకి, మూత పెట్టేసి, చేతికి అంటిన నలుపును సీకాయపొడితో కడుక్కున్నాను.

రోటరు లేకపోతే బండి కదలదు, బాడుగ కారు వస్తుంది. అంతవరకే ఆలోచించాను. అది ఎక్కడికి పోయిందని అడుగుతారు కదా, ఎవరినో ఒకరిని అడుగుతారు కదా. ఆ సంగతి నాకు తట్టలేదు. తట్టలేదా, తట్టినా పక్కకు తోసేశానా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది.

తెల్లారి బండి అంటుకోలేదు. రెడ్డెప్ప పరుగెత్తుకొచ్చి మూత తీశాడు. లోపల రోటరు లేదని అన్నకు చూపించాడు.

మా ఆయన ముందు నా వైపు తిరిగాడు. "నీ దగ్గరేమన్నా ఉండాదా?"

"నా దగ్గర యాల ఉంటాది?"

నేను పట్టుచీరలో ఉన్నాను. ఆ ముక్క కొంగు చివర, లోపలి మడతలో ఉంది.

రెడ్డెప్ప షెడ్డులో వారం రోజులుగా ఇంకొకరి కారు నిలబడి ఉంది. అదీ పాతదే, మా బండి లాంటిదే. ఆ ముక్క దొరక్కనే అది నిలబడిందని మా ఆయనకు తెలుసు. ఆ పొద్దు షెడ్డు ఖాళీగా ఉంది. ఆ కారు పోయింది.

"ఏమప్పా రెడ్డెప్పా, అన్న బండిలోది పీకి ఊరోళ్ల బండికి పెట్టినావా?"

"దానికి బెంగుళూరు నుంచి తెప్పిచ్చినాన్నా. నేనెందుకు పీకతాను? నిన్న సాయంత్రం స్టార్ట్ చేసి సూపిచ్చినాను కదా. వదినా, నువ్వు ఇన్న్యావు కదా, చెప్పు."

పక్కింటివాళ్లు గోడ మీదుగా చూస్తున్నారు. రెడ్డెప్ప ముఖంలో భయం లేదు. నేను చెబుతానని నమ్మకంతో చూస్తున్నాడు.

"నేను వంటింట్లో ఉన్న్యాను. నాకేం తెలుసు" అన్నాను.

తీసినది ఒక తప్పు. ఇది ఇంకొకటి. మొదటిదానికి ఆశ అని పేరు పెట్టుకోవచ్చు. దీనికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు.

రెడ్డెప్ప చూపు ఒకసారి నా కొంగు మీదికి వచ్చింది. వచ్చి, తిరిగిపోయింది. తలొంచుకుని పానాలు సంచిలో వేసుకున్నాడు. ఆయనకు తెలుసా? తెలిసే, ఊరివాళ్ల ముందు వదిన కొంగు విప్పించడం ఇష్టం లేక దొంగ అనిపించుకున్నాడా? తెలియకపోయి ఉంటే బాగుండునని ఎన్నోసార్లు మొక్కుకున్నాను.

మదనపల్లెకు ఫోన్ చేస్తే బాడుగ కారు వచ్చింది. తెల్లగా, పాలనురుగులాగా. మీట నొక్కితే అద్దం పైకి లేచింది. వాన రాదు, వేడి రాదు, బయటి శబ్దం రాదు. గుంతలో పడినా మెత్తగా పడింది. నిజం చెబుతున్నాను, అంత సుఖమైన కారు నేను అంతకుముందు ఎక్కలేదు. కానీ ముందు సీట్లో డ్రైవరు పక్కన మా ఆయన, వెనక నేనొక్కదాన్నే. ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. పలమనేరు దాటేసరికి కారులో కొట్టిన సెంటు వాసనకు, మూసిన అద్దాలకు తట్టుకోలేక అద్దం దించే మీట కోసం తడిమాను. ఆపమనేలోపే వాంతి అయింది.

"కొత్త సీటు కవరమ్మా" అన్నాడు డ్రైవరు.

అన్నేళ్లు ఆ తవుడు కారులో తిరిగి ఒక్కసారి కూడా వాంతి చేసుకోలేదు నేను.

కుప్పంలో మేము దిగినప్పుడు అందరూ తాళి కట్టేది చూస్తున్నారు. మా కారును ఎవరూ చూడలేదు. సాయంత్రం బయటికి వస్తే అలాంటి తెల్ల కార్లే వరసగా ఉన్నాయి. ఏది మాదో తెలియక ఎవరిదో ఒకటి ఎక్కి కూర్చున్నాను. వాళ్లు వచ్చి దింపారు. మా పాత కారైతే చీకట్లో చెయ్యి పెట్టినా గుర్తుపట్టేదాన్ని.

తిరిగొచ్చాక పెట్టేద్దాం అనుకున్నాను. అప్పటికే మా ఆయన వేరే మెకానిక్కుకు కొత్త రోటరు తెప్పించమని చెప్పేశాడు. రెడ్డెప్ప షెడ్డు ఎత్తేసి పలమనేరు పోయాడు. కొత్త ముక్క పెట్టాక కూడా బండికి ఎవరెవరో చెయ్యి పెట్టారు. ఎవరికీ లొంగలేదు. ఒక ఏడాది ఆయుధపూజకు నిమ్మకాయలు పెట్టినా చక్రం తిరగలేదు. చివరికి లారీలో వేసుకుపోయారు. మా ఆయన ఆరోజు అంగడి తియ్యలేదు.

ఆయన పోయినప్పుడు రెడ్డెప్ప వచ్చాడు. పాడె మోశాడు. మా ఇంట్లో మంచినీళ్లు మాత్రం ముట్టలేదు. ఈ పిల్లను మాత్రం నా దగ్గరికి రావద్దని ఏనాడూ అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంటుంది.

పెన్ను ఆపినావు సునందా. ఆపినా పర్వాలేదు. ఆ మెంతుల డబ్బా ఇట్లా తీసుకోనిరా. అడుగున చెయ్యి పెట్టు. నల్లగా, చిన్నది. అదే. చూడు, ఇత్తడి ఇంకా మెరుస్తాండాది.

నన్ను క్షమించమని అడగడానికి ఇది రాయించలేదు. క్షమించాల్సినవాళ్లలో ఒకరు లేరు. ఉన్న ఒకరిని అడిగే ముఖం నాకు లేదు. మీ నాయనకు చూపిస్తావో చించేస్తావో నీ ఇష్టం. నేను తీశాను, నేను విన్నాను, వినలేదని చెప్పాను. ఈ మాట బయటికి వచ్చింది, అంతే చాలు. ఛాతీ కొంచెం వదులైనట్టుంది. దానికి కూడా సిగ్గుగానే ఉంది.

కారు సంగతి అడిగినావు కదా. బాడుగ కారు మెత్తనిది. అది అబద్ధం చెప్పను. మన కారు మాత్రం మీ నాయన చెయ్యి దాని మీద ఉన్నన్నాళ్లు బాగుండింది.

ఇప్పుడు మొదట్నుంచి ఒకసారి చదివి ఇనిపించు పాపా. మెల్లగా చదువు. మీ నాయన పేరు ఒచ్చినచోట గొంతు తగ్గించొద్దు.